రాయని చుట్టరికం

మా జిల్లా సాఫ్ట్‌బాల్ అంపైర్ల సంఘం నియమావళిని తెలుగులో రాసింది నేనే. పదకొండు పేజీలు. ఇంగ్లిషులో ఉన్నదాన్ని ఎవరూ చదవడం లేదని, వారమంతా జీడిమెట్ల కార్ఖానాల్లో పనిచేసి ఆదివారం గ్రౌండుకొచ్చే వాళ్లకు అది అసలే మింగుడుపడటం లేదని మా కన్వీనర్ నన్ను పిలిచి ఆ పని అప్పగించారు. ఆయన రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయుడు. మేమందరం పెద్దసార్ అంటాం. నేను శామీర్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతాను. సెలవు రోజుల్లో అంపైరింగ్ చేసేదాన్ని. చేస్తాను అని కాకుండా చేసేదాన్ని అని ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

సభ్యత్వం ఎవరికివ్వాలి, ఏటా ఎలా పునరుద్ధరించుకోవాలి, చెప్పాపెట్టకుండా మూడు మ్యాచ్‌లకు రాకపోతే ఏమవుతుంది, తాగి వస్తే ఏమవుతుంది, అన్నీ వరసగా రాసుకుంటూ పోయాను. తొమ్మిదో పేజీలో ఒక నియమం దగ్గర పెన్ను ఆగింది. అంపైరుగా నిలబడే మ్యాచ్‌లో తన రక్తసంబంధీకులు గానీ వివాహ సంబంధీకులు గానీ ఆడుతుంటే, ఆట మొదలుకాకముందే ఆ సంగతి రాసివ్వాలి. దాచిపెడితే సభ్యత్వం రద్దు. రెండేళ్లదాకా మళ్లీ దరఖాస్తు చేసుకునే అర్హత ఉండదు. స్కోరు షీటు మీద కెప్టెన్లు సంతకాలు పెట్టకముందే ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ మ్యాచ్‌ను తిరిగి ఆడించాలి. ఈ నాలుగు వాక్యాలూ కుదరక మూడుసార్లు కొట్టేసి రాశాను. కాబట్టి నాకు తెలియక జరిగింది అని చెప్పుకునే వీలు నాకు ఏనాడూ లేదు.

మా అక్క వాళ్లది మేడ్చల్. బావ బస్సు డిపోలో మెకానిక్. అక్క ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. వాళ్ల ఒక్కగానొక్క కూతురికి ఆట నేర్పింది నేనే. తనకు తొమ్మిదేళ్లప్పుడు రైల్వే స్టేషన్ వెనక ఖాళీ జాగాలో, నా పాత గ్లవ్ చేతికి తొడిగితే మోచేతిదాకా వచ్చేది. బంతి పట్టడం నేర్చుకుంది, విసరడం నేర్చుకుంది. బ్యాటింగులో మామూలే. పరుగులో మాత్రం ఆ వయసు పిల్లల్లో తనను మించినవాళ్లను నేను చూడలేదు. పరుగు దారిలో ఆగే బేస్ మీదికి జారడం నేర్పడానికి ఒక ఎండాకాలమంతా పట్టింది. మోకాళ్లు కొట్టుకుపోయి ఇంటికెళ్తే అక్క నన్ను తిట్టేది. "దాన్ని ఆడపిల్ల లెక్క ఉండనియ్యవా ఏందే?" అనేది. మళ్లీ తనే పసుపు రాసి మర్నాడు పంపేది.

ఇంటర్ రెండో సంవత్సరానికి వచ్చేసరికి ఆ పిల్ల మేడ్చల్ జట్టులో ఉంది. ఆ యేడు అమ్మాయిల ఫైనల్ మేడ్చల్‌కూ కౌకూర్‌కూ మధ్య శామీర్‌పేటలో పడింది. రాష్ట్ర జట్టుకు పిల్లల్ని ఎంచుకోవడానికి ఇద్దరు సెలెక్టర్లు వస్తున్నారని ముందే తెలుసు. ఆ రోజు నేను రిజర్వు అంపైర్‌ని. ఎవరికైనా ఏదైనా అయితే తప్ప గ్రౌండులో దిగే పని లేదు. ఊరికే కూర్చుని మా పిల్ల ఆట చూడొచ్చని సంబరపడ్డాను.

పొద్దున ఎనిమిదింటికి పెద్దసార్ నా దగ్గరికొచ్చారు. ప్లేట్ దగ్గర నిలబడాల్సినాయనకు జ్వరం.

"ప్లేట్ నువ్వు తీసుకో అమ్మా. నీకిది ఐదోది గద?"

అది నిజంగానే ఐదోది. ప్లేట్ అంపైర్ అంటే బంతి అందుకునే క్యాచర్ వెనక మాస్కు పెట్టుకుని నిలబడి ప్రతి బంతినీ తేల్చేవాడు. అలా ఐదు నాకౌట్ మ్యాచ్‌లు చేస్తే 'ఏ' గ్రేడు కార్డుకు అర్హత వస్తుంది. ఆ కార్డుంటే రాష్ట్ర పోటీలకు పిలుస్తారు. మా జిల్లాలో ఆడవాళ్లెవరికీ అప్పటికి ఆ కార్డు లేదు. నాలుగో మ్యాచ్ చేసి ఏడాది దాటింది. ఐదోదాని కోసం నేను ఎదురుచూడని ఆదివారం లేదు.

సార్ ఫారం చేతికిచ్చారు. ఇచ్చి, వేరే ఎవరితోనో మాట్లాడుతూనే, నా వైపు చూడకుండా అడిగారు.

"చుట్టాలెవరన్న ఆడుతున్నరా?"

"ఎవ్వరు లేరు సార్."

ఆ మాట చాలా సులువుగా వచ్చింది. ఇంటిపేర్లు వేరు. ఊళ్లు వేరు. ఎవరికి తెలుస్తుంది? నేనెలాగూ పక్షపాతం చూపించను గదా, ఇక దాచితే తప్పేముంది అని కూడా అనుకున్నాను. గడిలో 'లేరు' అని రాసి సంతకం పెట్టాను.

తర్వాత నీళ్ల డ్రమ్ము దగ్గర బూట్లు కట్టుకుంటున్న మా పిల్ల దగ్గరికెళ్లాను.

"ఇయ్యాల నన్ను చిన్నమ్మా అని పిల్వకు బిడ్డా."

"ఎందుకు?"

"ప్లేట్ కాడ నేనే నిలబడుతున్న. అందరి ముంగట బాగుండది."

తను నవ్వింది. "సరే మేడం," అంది. ఆ రోజంతా బ్యాటింగుకు వచ్చినప్పుడల్లా కళ్లతో నవ్వుతూ "నమస్తే మేడం" అంటూనే ఉంది. తనకది ఒక ఆట.

మ్యాచ్ మొదటినుంచీ గట్టిగానే నడిచింది. ఏడో ఇన్నింగ్స్, అంటే ఆఖరిది, మేడ్చల్ వంతు వచ్చేసరికి కౌకూర్ ఒక్క పరుగు ముందుంది. ఇద్దరు ఔటయ్యారు, ఇంకొక్కరు ఔటైతే ఆట ముగుస్తుంది. మా పిల్ల రెండో బేస్ మీద ఉంది. తర్వాతి అమ్మాయి కొట్టిన బంతి కుడివైపు గడ్డిలోకి వెళ్లింది. మా పిల్ల మూడో బేస్ దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నా వైపే వచ్చేసింది.

సాఫ్ట్‌బాల్ తెలియనివాళ్ల కోసం చెబుతాను. మూడు బేసులూ దాటి వచ్చాక నేలలో పాతిన తెల్ల రబ్బరు పలక ఉంటుంది, దాన్నే హోమ్ ప్లేట్ అంటారు. పరిగెత్తి వచ్చే అమ్మాయి కాలు ఆ పలకకు ముందు తగిలితే పరుగు వచ్చినట్టు. అంతకన్నా ముందు బంతి పట్టుకున్న క్యాచర్ గ్లవ్ ఆమె ఒంటికి తగిలితే ఔట్. అది చూసి చెప్పాల్సింది ప్లేట్ అంపైర్ ఒక్కరే.

బంతి వచ్చి క్యాచర్ చేతిలో పడింది. మా పిల్ల నేరుగా రాలేదు. క్యాచర్‌ను తప్పించుకుని పక్కనుంచి జారి, ఎడమ కాలి మునివేళ్లతో పలక మూలను అందుకుంది. రైల్వే స్టేషన్ వెనక ఎండాకాలమంతా నేను చూపించిన పద్ధతే అది. కాలు పలక మీద పడింది. ఆ తర్వాత గ్లవ్ వచ్చి తొడకు తగిలింది. రెండింటికీ మధ్య ఉన్నది రెప్పపాటే కావచ్చు. కానీ ఏది ముందో నాకు కనిపించింది. వంగి, రెండడుగుల దూరంలో ఉన్నాను.

నా పిడికిలి పైకి లేచింది. "ఔట్!" అన్నాను.

చాలా రోజులు దుమ్ము లేచింది, సరిగ్గా కనబడలేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. దుమ్ము తర్వాత లేచింది. ఆ క్షణంలో నా తలలో ఉన్నది కాలూ కాదు, గ్లవ్వూ కాదు. ఔట్ కాదు, సేఫ్ అని చెబితే స్కోరు సమమవుతుంది, మేడ్చల్ గెలిచినా గెలుస్తుంది, రేపెవరైనా ఆ పిల్ల నీకేమవుతుంది అని అడిగితే నా కార్డు ఏం కావాలి? అదొక్కటే ఉంది. ఔట్ అంటే ఎవరూ ఏమీ అడగరు. సొంత పిల్లను ఎవరు ఔటిస్తారు?

అటు కౌకూర్ పిల్లలు ఎగిరి గంతులేస్తున్నారు. మా పిల్ల ఇంకా నేలమీదే ఉంది. కాలు పలక మీదే ఉంది. తలెత్తి నన్ను చూసింది.

"కాలు పెట్టిన మేడం," అంది. ఈసారి కళ్లలో నవ్వు లేదు.

నేను మాస్కు తియ్యలేదు.

మేడ్చల్ కోచ్ పరిగెత్తుకొచ్చాడు. కుర్రవాడు, మంచివాడు. ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో చూపించబోయాడు. పెద్దసార్ అడ్డుకున్నారు. కంటితో చూసి ఇచ్చిన నిర్ణయం మీద ఫిర్యాదు చెల్లదు, అది ప్రపంచమంతా ఉన్న నియమం. కోచ్ వెనక్కి తగ్గాడు. ఇంతలో ఒక పిల్ల తల్లి అతని చెవిలో ఏదో చెప్పింది. ఆమెది అక్క వాళ్ల గల్లీయే అని నాకు తర్వాత తట్టింది. కోచ్ మా పిల్ల దగ్గరికెళ్లాడు. నేను నాలుగడుగుల అవతల ఒంగి కాళ్లకు కట్టుకున్న గార్డులు విప్పుతున్నాను. స్కోరు షీటు మీద ఇంకా సంతకాలు కాలేదు. మేడ్చల్ కెప్టెన్ పెన్ను పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ మేడం మీ ఇంటికి వస్తదట గద. నీకేమైతది? చుట్టమైతే చెప్పు, మ్యాచ్ మళ్ల ఆడిపిస్తరు."

మా పిల్లకు ఆ నియమం తెలియకపోయినా అప్పుడు కోచ్ నోటితోనే తెలిసింది. ఒక్క మాట చెబితే ఆట తిరిగి మొదలవుతుంది. సెలెక్టర్లు షామియానా కింద ఇంకా కూర్చునే ఉన్నారు.

"ఏం గాదు సార్," అంది. "మా గల్లీల ఎవరింటికో వస్తది. నాకు తెల్వదు."

నేను తలెత్తలేదు. గార్డు బకిల్ ఊడిపోయి చేతిలోకొచ్చినా ఇంకా విప్పుతున్నట్టే ఒంగి ఉన్నాను. కెప్టెన్ సంతకం పెట్టింది.

రాష్ట్ర జట్టుకు కౌకూర్ నుంచి ముగ్గుర్ని తీసుకున్నారు. మేడ్చల్ నుంచి ఒక్కరే, అది మా పిల్ల కాదు. మర్నాడు అక్క ఫోన్ చేసింది.

"ఓడిపోయిన్రంట గదనే. నువ్వున్నవా ఆడ?"

"ఉన్న అక్కా. మంచిగనే ఆడిన్రు."

ప్లేట్ దగ్గర ఉన్నది నేనేనని తను ఇంట్లో చెప్పలేదని దాంతో అర్థమైంది. నేనూ చెప్పలేదు. పదిహేను రోజులకు మా పిల్ల ప్రాక్టీసుకు పోవడం మానేసిందని తెలిసింది. ఇంటర్ పరీక్షలు గదా అనుకున్నాను. పరీక్షలు అయిపోయాయి. తను మళ్లీ గ్రౌండుకు రాలేదు. నేనెళ్తే మాట్లాడేది, టీ పెట్టిచ్చేది, ఆట మాట మాత్రం ఎత్తేది కాదు. నేనూ ఎత్తలేదు.

వేసవిలో నా 'ఏ' గ్రేడు కార్డు వచ్చింది. నీలం రంగు కార్డు, నా ఫొటో. అంపైర్ల వాట్సాప్ గ్రూపులో పెద్దసార్ పెట్టారు. అందరూ అభినందనలు రాశారు. నేను సంతోషపడ్డాను. అది కూడా దాచకుండా రాయాలి. ఆ రోజు నేను నిజంగా సంతోషపడ్డాను. బళ్లో పిల్లలకు చాక్లెట్లు పంచాను.

కార్డుతోపాటు క్రమశిక్షణ కమిటీలో చోటు కూడా వచ్చింది. ముగ్గురం. పెద్దసార్, బోలారం వైపు నుంచి ఒక సీనియర్ అంపైర్, నేను. ఏడాదిపాటు పెద్దగా పనేమీ పడలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు హెచ్చరికలు, అంతే. ఆ తర్వాత ఒక ఫిర్యాదు వచ్చింది.

అతను జీడిమెట్లలో ఒక ఇంజనీరింగ్ కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. నలభై దాటినవాడు. ఆదివారాలు బేసుల దగ్గర అంపైరింగ్ చేస్తాడు. ఆటలో ఎప్పుడూ పెద్ద పేరు లేదు గానీ ఒక్కసారి కూడా ఆలస్యంగా రాలేదు. అబ్బాయిల మ్యాచ్ ఒకదాంట్లో అతని వదిన తమ్ముడు ఒక జట్టులో సబ్‌స్టిట్యూట్. ఆ కుర్రాడు అసలు గ్రౌండులో దిగనే లేదు, బెంచీ మీద కూర్చున్నాడు. కానీ ఫారంలో ఇతను 'లేరు' అని రాశాడు.

మేడ్చల్‌లో సంఘానికి ఒక గది ఉంది. అక్కడికి పిలిచాం. షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, నీలం యూనిఫాం మీద నూనె మరకలు. కూర్చోమంటే కూర్చోలేదు. నియమావళి కాయితాలు మడిచి జేబులో పెట్టుకొచ్చాడు. అవి తీసి నాకే చూపించాడు.

"మేడం, మీరే గద తెలుగుల రాసిన్రు. రక్తసంబంధం, వివాహ సంబంధం అని ఉన్నది. మా వదిన తమ్ముడు గీ రెండిట్ల ఎందులకొస్తడో నాకు సమజ్ గాలె. అడుగుదామనుకున్న. మ్యాచ్ జల్దీ షురూ జేసిన్రు. లేరు అని రాసిన."

"వివాహ సంబంధం కిందికే వస్తడు," అన్నాను.

"గట్లనా," అన్నాడు. నిజంగానే అప్పుడు నేర్చుకున్నట్టు తల ఊపాడు.

అతన్ని బయట ఉండమన్నాం. పెద్దసార్ హెచ్చరికతో సరిపెడదాం అన్నారు. బోలారం ఆయన సభ్యత్వం రద్దు చేయాల్సిందే అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

ఆ గదిలో ఫ్యాను చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. హెచ్చరిక చాలు అని చెప్పడానికి నాకు అన్ని కారణాలూ ఉన్నాయి. కానీ మెత్తగా మాట్లాడితే ఈమె ఎందుకింత మెత్తగా మాట్లాడుతోంది అని ఎవరికైనా అనుమానం వస్తుందేమో అనిపించింది. ఎవరికీ రాదు. రావడానికి కారణమే లేదు. ఆ అనుమానం ఉన్నది నాకొక్కదానికే.

"రూల్ రాసి ఉన్నప్పుడు మనమేం జేస్తం సార్," అన్నాను. "ఇయ్యాల ఒకరిని ఇడిసిపెడితే రేపు అందరు గట్లనే రాస్తరు."

రద్దు కాయితం మీద మూడో సంతకం నాది. అతన్ని లోపలికి పిలిచి పెద్దసార్ చెప్పారు. వాదించలేదు. పర్సులోంచి కార్డు తీసి టేబుల్ మీద పెట్టాడు. వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగాడు.

"సార్, గ్రౌండ్ల సున్నం గీతలు పొయ్యెటోనికి మెంబర్‌షిప్ అక్కర లేదు గద?"

"అక్కర లేదయ్యా," అన్నారు పెద్దసార్.

"అయితే వస్త సార్. ఆదివారం ఇంట్ల కూసుంటె తోచది."

తర్వాతి ఆదివారం కౌకూర్‌లో మ్యాచ్. నేను ప్లేట్ అంపైర్‌ని. వెళ్లేసరికి అతను సున్నం డబ్బా పట్టుకుని గీతలు పోస్తున్నాడు. తాడు లాగి, ఒంగి, ఒక చిన్న వంకర కూడా లేకుండా. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నమస్తే మేడం. ప్లేట్ కాడ గీత సక్కగ వచ్చిందా జరంత జూడున్రి."

చూశాను. చక్కగా వచ్చింది. తల ఊపాను. ఆ రోజు మూడో ఇన్నింగ్స్‌లో ఎన్ని బంతులు పడ్డాయో లెక్క మర్చిపోయాను. నా చేతిలో లెక్కపెట్టే క్లిక్కర్ ఉంది, దాన్ని నొక్కడమే మర్చిపోయాను. పద్నాలుగేళ్ల క్యాచర్ వెనక్కి తిరిగి, "రెండు స్ట్రైకులు మేడం," అని గుర్తుచేశాడు. నా పదేళ్ల అంపైరింగులో అలా ఎప్పుడూ జరగలేదు. మ్యాచ్ అయ్యాక ఇంటికి పోలేదు. మేడ్చల్ బస్సెక్కాను.

మా పిల్ల అప్పటికి డిగ్రీ మొదటి సంవత్సరం. అక్క పెళ్లి జాకెట్ల పని మీద మార్కెట్‌కు పోయింది. తను గుమ్మంలో కూర్చుని హుక్కులు కుడుతోంది. పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"నాడు శామీర్‌పేటల నీ కాలు ముందు పడ్డది," అన్నాను.

సూది ఆగింది. "నాకు తెలుసు చిన్నమ్మా."

"నేను జూసిన."

తను నా మొహంలోకి చూసింది. అర్థం కానట్టు చూసింది.

"జూసినవా?"

"జూసిన బిడ్డా. జూసి ఔట్ అన్న."

తను దారం కొరికి, హుక్కుల డబ్బా మూత పెట్టి, మళ్లీ తీసింది.

"నీకు కనబడలే అనుకున్న," అంది. "దుమ్ములేసింది, పాపం కనబడలే, తప్పు జెప్పింది అనుకున్న. అందుకే సార్‌కు గట్ల జెప్పిన. తెల్వక జేసినదానికి నీ కార్డు పోవద్దని."

నేను చెప్పేదాకా తను ఆ మ్యాచ్‌ను అలాగే దాచుకుంది. చిన్నమ్మ పొరపాటు పడింది, పెద్దవాళ్లకూ పొరపాట్లు జరుగుతాయి అని. అది కూడా నేనే లాక్కున్నాను. క్షమించు అనడానికి నోరు తెరిచాను. తను లేచి లోపలికి పోయింది. కాసేపటికి తలుపు దగ్గరికొచ్చి, నన్ను చూడకుండా చెప్పింది.

"అమ్మకు నువ్వే జెప్పాలె. నేను జెప్ప."

రెండ్రోజుల తర్వాత పెద్దసార్ ఇంటికెళ్లి నా ఉత్తరం ఇచ్చాను. రెండు పేరాలు, చివర ఒక విన్నపం. మొదటిది, చుట్టరికం దాచానని. రెండోది, తెలిసి తప్పు నిర్ణయం ఇచ్చానని. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఎందుకమ్మా ఇప్పుడు? ఎవ్వరు అడగలే గద."

"అడగలే సార్."

"రెండో పేరా తీసెయ్. చుట్టరికం దాస్తే శిక్ష ఉన్నది. నిర్ణయం తప్పయితే దానికి శిక్ష లేదు. ఏ అంపైర్‌కు లేదు. అది రాస్తే ఏం జెయ్యాలె మేము?"

"ఉండనియ్యున్రి సార్."

ఆయన తీసెయ్యలేదు, నేనూ తీసెయ్యలేదు. కమిటీ మాత్రం మొదటి పేరా మీదే నిర్ణయం తీసుకుంది. సభ్యత్వం రద్దు, రెండేళ్ల అనర్హత. రెండో పేరా గురించి 'పరిశీలించాం' అని ఒక్క మాట. షీటు మీద సంతకాలు అయిపోయాయి కాబట్టి ఫలితం మారదు. లేత్ పనివాడి సంగతి కూడా నేను ఉత్తరం చివర రాశాను, అతని శిక్ష తగ్గించమని. అది వేరే కేసు అన్నారు. ఆ సాయంత్రమే నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు.

అతనికి నేనే చెప్పాలనుకున్నాను. మధ్యాహ్నం అన్నాల వేళ జీడిమెట్లలో అతని కార్ఖానా గేటు దగ్గరికెళ్లాను. టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికొచ్చాడు. చెట్టు కింద నిలబడి మొత్తం చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఆనాడు ఆ టేబుల్ కాడ జెప్పుంటె నాకు అక్కరకొచ్చేది మేడం," అన్నాడు చివరికి. గొంతు పెంచలేదు. "గిప్పుడు జెప్పిన్రు. ఇది మీకు అక్కరకొస్తది."

అంతకన్నా సరిగ్గా నన్ను ఎవరూ చూడలేదు. అన్నం తినే టైం అయిపోతుందని అతను వెళ్లిపోయాడు. అతని గడువు నాకన్నా ముందే ముగుస్తుంది. మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటాడో లేదో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు.

అక్కకు చెప్పడానికి ఇంకో నెల పట్టింది. ప్రతివారం మేడ్చల్ పోయేదాన్ని, ఏదో మాట్లాడి తిరిగొచ్చేదాన్ని. మా పిల్ల నేను వెళ్లిన ప్రతిసారీ అక్క మొహం వైపు చూసేది, చెప్పిందా లేదా అని. చెప్పలేదని అర్థమై లోపలికి పోయేది. చివరికి ఒక రోజు మధ్యాహ్నం అక్క జాకెట్ చేతులు కత్తిరిస్తుంటే చెప్పాను. ఫారం నుంచి మొదలుపెట్టి, కోచ్ అడిగింది, తన కూతురు చెప్పింది, నేను తలెత్తకపోవడం, అంతా.

అక్క కత్తెర పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను, చిన్నప్పుడు కొట్టేది.

"ఆనాడు ఓడిపోయి ఇంటికొచ్చినంక నేనో మాట అన్న," అంది మెల్లగా. "గీ ఆటలతోని ఏమొచ్చింది, ఇగ బంజెయ్యి, బుద్ధిగ సదువుకో అన్న. ఓడిపోయొచ్చిన పిల్లను గట్లనొచ్చునా? మల్ల గ్రౌండుకు పోకపొయ్యె. నా మాటకే మనసు ఇరిగింది అనుకున్న. యాడాదిన్నర సంది నేనే దాని ఆట బంజేయించిన అని కుములుతున్న. నువ్వు వారం వారం వచ్చి గీడనే కూసుంటివి. నా మొహం జూస్తనే ఉంటివి."

నాకు ఆ సంగతి తెలియదు. అక్క అలా బాధపడుతోందని ఒక్కసారైనా అనుకోలేదు. అడగనే లేదు. ఆ యేడు మా పిల్ల ఆట ఎందుకు మానేసిందో ఆ ఇంట్లో ఎవరినీ అడగకుండా, ఆ ప్రశ్న ఎక్కడ ఎదురవుతుందోనని తప్పించుకుని తిరిగాను.

"అక్కా," అన్నాను.

"గిప్పుడైతే పో," అంది. "రావొద్దని అంటలే. గిప్పుడు పో."

నాలుగు నెలలు అక్క ఫోన్ చెయ్యలేదు. నేను చేస్తే బావ ఎత్తి, పనిలో ఉంది అనేవాడు. మొన్న దసరాకు ముందు తనే చేసింది. కుట్టించుకోవాల్సిన జాకెట్లుంటే పంపమంది, పండగ పని ఎక్కువవుతోంది, తర్వాత కుదరదు అంది. అంతే మాట్లాడింది. రెండు జాకెట్ గుడ్డలు తీసుకుని వెళ్లాను. మా పిల్ల ఇంట్లో లేదు, కాలేజీకి పోయింది. అక్క టేపు మెడకు వేసుకుని నన్ను నిలబెట్టి కొలతలు తీసుకుంది. భుజం, ఛాతీ, చెయ్యి. పుస్తకంలో రాసుకుంటూ, నా వైపు చూడకుండా, కొద్దిగా చిక్కిపోయినవే అంది.